ఆ తెల్లవారుజామున సైరన్ మోగలేదు

"నేను నిద్రపోలేదమ్మా," అన్నాడు బాయిలర్ మేస్త్రి, లాకప్ ఊచలు పట్టుకుని.

పొద్దుటి నుంచీ అదే పాట. డిటెక్టివ్ నర్సమ్మకి ఒళ్ళు మండుకొచ్చింది. ముద్దాయిల చేత నిజం కక్కించడం ఆవిడకి కొత్త కాదు. కానీ ప్రాణం నిలబెట్టే నిజాన్ని ఒప్పుకోవయ్యా బాబూ అని ముద్దాయి గడ్డం పట్టుకుని బతిమాలాల్సి రావడం మాత్రం ఇదే మొదలు.

"నిద్రపోయానని ఒక్క ముక్క అనవయ్యా మహానుభావా! నీ సొమ్మేం పోయింది?"

"అనను. ఇన్నేళ్ళ సర్వీసులో డ్యూటీ మీద కన్ను మూసినవాణ్ణి కాదు. దీపం వెలిగిన ప్రతిసారీ బొత్తాం నేనే నొక్కాను."

"నొక్కినట్టు గుర్తుందా?"

"సైరన్ మోగలేదు కదమ్మా! మోగలేదంటే నొక్కినట్టే కదా."

నర్సమ్మ చటుక్కున తలెత్తింది. అదీ సంగతి! ఈయన అబద్ధం ఆడటం లేదు. ఈయనకే తెలియదు.

ఆ బొత్తాం సంగతి చెప్పాలి. బట్టలకి రంగులద్దే ఆ మిల్లులో, బాయిలర్ గది గోడకి ఒక ఎర్రదీపం, దాని కింద తెల్లటి బొత్తాం ఉన్నాయి. రాత్రి కాపలా ఉన్నవాడు కునుకు తీయకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటది. ప్రతి ఇరవై నిమిషాలకీ దీపం వెలుగుతుంది. రెండు నిమిషాల్లోపు బొత్తాం నొక్కకపోతే మిల్లు అదిరిపోయేలా సైరన్ మోగుతుంది, గేటు దగ్గర నుంచి మనుషులు స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకు రావాలి. నిద్ర ముంచుకొస్తున్న మనిషిని ఇంటికి పంపాలి గానీ మెడకి గంట కట్టడమేమిటని అడిగిన నాథుడు లేడు.

నిన్న తెల్లవారుజామున, ఐదింటికి పది నిమిషాలుందనగా, ఆవిరి ఒత్తిడి ఎర్రగీత దాటి రంగుల షెడ్డులో గొట్టం పగిలింది. షెడ్డు దీపాలు ఒక్కసారిగా ఆరిపోవడం గేటు వాచ్‌మన్ చూశాడు. రోజూ ఉండేదేలే అనుకుని ఊరుకున్నాడు. నీలిరంగు తొట్టి దగ్గర ఒంటరిగా పనిచేస్తున్న కుర్రాడు పోయాడు. ఆ కుర్రాడు ఈ మేస్త్రికి స్వయానా బామ్మర్ది. ఆరింటికి పగటి షిఫ్టు వాళ్ళు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. సైరన్ మాత్రం రాత్రంతా నోరెత్తలేదు.

నోరెత్తలేదు కాబట్టి మేస్త్రి మెలకువగానే ఉన్నాడు. మెలకువగా ఉండి కూడా గేజిలో ముల్లు ఎర్రగీత దాటుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ముందురోజు క్యాంటీన్‌లో బావా బామ్మర్దులిద్దరూ అరుచుకున్నారు. కాబట్టి కావాలనే చంపాడు. ఇదీ ఇన్‌స్పెక్టర్ గారు కట్టిన లెక్క. రేపు పొద్దున్నే కోర్టులో పెట్టేస్తాడు.

"వాడికి నేనంటే..." అంటూ మేస్త్రి ఆగిపోయాడు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు ఊచల మీదే ఉన్నాయి. నర్సమ్మ అతని మొహం ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. పన్నెండేళ్ళు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ పనిలోకి దిగిన మనిషి ఆవిడ. పాత ఉద్యోగం పోయినా నర్సమ్మ అనే పిలుపు పోలేదు. వరసగా షిఫ్టులు చేసిన ఆయాలు, డ్రైవర్లు, డాక్టర్లు ఇలా నిలువునా, కళ్ళు తెరుచుకునే వెళ్ళిపోవడం ఎన్నిసార్లు చూడలేదు కనక!

"...ప్రాణం," అని పూర్తిచేశాడు మేస్త్రి.

"ఇప్పుడు ఏమైంది నీకు?"

"ఏమైంది? మాట్లాడుతున్నాగా!"

నర్సమ్మ గొంతు తగ్గించింది. "రాత్రి పడుకోనిచ్చారా?"

"ఎక్కడమ్మా! లైటు వేసి తెల్లార్లూ అడుగుతూనే ఉన్నారు." ఊచల్లోంచి చేతులు జోడించాడు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, నిద్ర మాట ఎత్తకండి. నిద్రపోయానంటే వాణ్ణి నేనే చంపినట్టు. ఇంటికెళ్ళి మా ఆవిడ మొహం ఎలా చూడను? వాణ్ణి తన చేతుల మీద పెంచింది."

ఆ ఇల్లాలు స్టేషన్ వరండాలోనే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయినా మాట మాత్రం గట్టిగానే ఉంది.

"తమ్ముణ్ణి నిన్న మట్టి చేసి వచ్చాం. ఇక ఈయన్ని కూడా తీసుకుపోతే నాకెవరున్నారండీ? ఆయన చంపాడంటే ఈ రాయి కూడా నమ్మదు."

"క్యాంటీన్‌లో గొడవ దేనికమ్మా?"

"మా వాడే అరిచాడట. ఇవాళ కూడా ఇంటికి పోవా బావా, నువ్వు మనిషివా మరవా అని. అంతకుముందు రాత్రి వెళ్ళిన మనిషి, పగలు కూడా ఉంచేశారు. మళ్ళీ రాత్రికీ ఉండమన్నారు."

"పగలు ఇంటికి రాలేదని నువ్వంటే ఇన్‌స్పెక్టర్ నమ్మడు. పెళ్ళానివి."

"నన్ను నమ్మక్కర్లేదు, మా వీధిని అడగమనండి. ఆయన పగలు పడుకుంటే నేను కిటికీకి నల్ల దుప్పటి కడతాను. దుప్పటి కనబడితే ఎదురింటి కుట్టుమిషను ఆగిపోతుంది, పక్కింటివాళ్ళు రేడియో కట్టేస్తారు, పిల్లలు బంతి పట్టుకుని పై వీధికి పోతారు. అది మా వీధి కట్టుబాటు. మొన్న పగలంతా దుప్పటి లేదు. పిల్లలు నా అరుగు మీదే బొంగరాలు తిప్పారు."

నర్సమ్మ ఆవిడ భుజం తట్టి లేచింది. ఒక్క మనిషిని నిద్రపుచ్చడానికి వీధి వీధంతా నోరు మూసుకుంటుంది. ఆ మనిషిని మూడు షిఫ్టులు వరసగా మేల్కొల్పి ఉంచడానికి కంపెనీకి మాత్రం ఒక్క నోటిమాట చాలు!

"నేనూ మిల్లుకొస్తాను," అంది ఆ ఇల్లాలు.

"రా. గేటు లోపలికి రానివ్వరు గానీ, గేటు దగ్గరైనా ఉండు."

* * *

"రండి నర్సమ్మగారూ, ఎవరికైనా ఇంజెక్షన్ వెయ్యాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, షిఫ్టు ఇన్‌ఛార్జి గదిలో కాలు మీద కాలేసుకుని.

"మీకే వేద్దామని వచ్చాను. కాస్త బుద్ధి వచ్చే మందు దొరికితే."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "కేసు అరటిపండు వలిచినట్టుంది. మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు."

"అరటిపండు చాలాసార్లు పైకి బాగానే ఉంటుంది లెండి."

బల్ల అవతల ఇన్‌ఛార్జి కూర్చున్నాడు. రాత్రి షిఫ్టంతటికీ అధికారి. మిల్లంతా రంగుల్లో మునిగి ఉంటే ఇతని చొక్కా మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఫెళఫెళలాడుతోంది. టీ తెమ్మనడానికి బల్ల మీది బెల్లు నొక్కాడు. వేలితో కాదు, జేబులోని లావుపాటి పెన్ను తీసి దాని వెనక కొసతో.

"చేతికి ఏమైనా దెబ్బా?" అంది నర్సమ్మ.

"అబ్బే, అలవాటు. ఇక్కడ ఏది ముట్టుకున్నా రంగే కదండీ. ఇన్నాళ్ళుగా పనిచేస్తున్నాను, ఒక్క మరక అంటుకోనివ్వలేదు."

"అదృష్టవంతులు. మేస్త్రి అంతకుముందు రాత్రి నుంచీ ఇక్కడే ఉన్నాడట?"

"ఎవరన్నారు? అదిగో డ్యూటీ బోర్డు చూడండి. అతని పేరున్న బిళ్ళ మొన్న రాత్రి షిఫ్టు కొక్కేనికి మాత్రమే ఉంది. పగలంతా ఇంట్లో హాయిగా పడుకుని వచ్చాడు."

"బిళ్ళలు తగిలించేదెవరు?"

"నేనే."

"తీసేదెవరు?"

ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ కాలు దించాడు. "ఏమిటి మీ ఉద్దేశం?"

"మొన్న పగలు ఆయన కిటికీకి దుప్పటి లేదు. వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. తర్వాత తీరిగ్గా అడగండి." నర్సమ్మ మళ్ళీ ఇన్‌ఛార్జి వైపు తిరిగింది. "గొట్టం పగిలినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఈ గదిలోనే. ఆరింటికి కేకలు వినబడేదాకా కదల్లేదు. అటు వైపు పోనే లేదు."

"తొట్టి దగ్గర ఇద్దరుండాలని మీ గోడ మీదే రాసి ఉంది. ఒక్కడే ఎందుకున్నాడు?"

"రాత్రిపూట ఒక్కడు చాలని పైవాళ్ళ ఆర్డరు."

"పగలు ఇద్దరు మోసే పని, రాత్రయ్యేసరికి ఒక్కడికే తేలికైపోతుంది కాబోలు! పదండి, బాయిలర్ గది చూడాలి."

* * *

ఇన్‌స్పెక్టర్ సీలు తీశాడు. బాయిలర్ చల్లారిపోయి ఉంది. గుమ్మం పక్కన గోడకి దీపం, కింద బొత్తాం. నిన్న పొద్దున్న పోలీసులు ఆపేసిన ఆ దీపం మీట అలాగే దించి ఉంది. నర్సమ్మ ఆ మీట పైకి నెట్టి, చేతి గడియారం చూసుకుంది.

"అదెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పనిచేస్తోందో లేదో చూద్దామని."

ఆవిడ ముందు వాల్వు చక్రం చూసింది. జిడ్డు, మసి. మేస్త్రి కూర్చునే స్టూలు, మంచినీళ్ళ కూజా, తలుపు గొళ్ళెం, అన్నిటి మీదా ఆయన చేతుల నల్లదనమే. ఆయన కూర్చున్నది గుమ్మానికి వీపు పెట్టి. తర్వాత బొత్తాం దగ్గరకొచ్చి కళ్ళద్దాలు సర్దుకుంది. తెల్ల బొత్తాం నీలంగా ఉంది. బొటనవేలి ముద్ర మీద బొటనవేలి ముద్ర పడి, దళసరిగా ఎండిపోయింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, దీని మీద నలుపేదండీ?"

"మిల్లంతా రంగేనమ్మా. ఎక్కడిదో అంటుకుని ఉంటుంది."

"ఈ గదిలో మేస్త్రి ముట్టుకున్న ప్రతిదీ నల్లగా ఉంది. బొత్తాం ఒక్కటే నీలంగా ఉంది. రాత్రంతా ఆయన నొక్కాడంటారు, ఒక్క మసి చుక్క లేదు. నీలం చేతులు ఎవరివి?"

ఇన్‌స్పెక్టర్ బొత్తాం మీదికి వంగాడు.

"ఆ కుర్రాడివి," అంది నర్సమ్మ. "బావ స్టూలు మీద కూర్చునే నిద్రపోయాడు. సైరన్ మోగితే నిద్రపోయినందుకు ఉద్యోగం పోతుంది. అందుకని దీపం వెలిగే వేళకల్లా తన తొట్టి వదిలి వచ్చి, చప్పుడు కాకుండా నొక్కి వెళ్ళాడు. పడుకోనీ పాపం అనుకున్నాడు. అతనికి రంగులు తెలుసు గానీ గేజి సంగతి ఏం తెలుసు? వాడి మంచితనమే వాడి కొంప ముంచింది. ఆ మంచితనం అక్కర్లేకుండా మనుషుల్ని ఇళ్ళకి పంపాల్సినవాళ్ళు మాత్రం ఇస్త్రీ చొక్కాల్లో తిరుగుతున్నారు!"

"మాటలు జాగ్రత్తగా రానివ్వండి," అన్నాడు ఇన్‌ఛార్జి.

"ఆగవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, అతని వైపు చూడకుండానే. తర్వాత నర్సమ్మతో, "అనుకుందాం. కానీ ఇక్కడే మీ బండి బోల్తా కొడుతుంది. ఐదింటికి ముందే గొట్టం పగిలింది. ఆ తర్వాత ఐదింటికి ఒకసారి, ఐదూ ఇరవైకి ఒకసారి దీపం వెలిగింది. సైరన్ మోగలేదు. మరి ఆ రెండుసార్లూ చచ్చినవాడు లేచొచ్చి నొక్కాడా?"

"అందుకే కదా నేనొచ్చింది! అయిదున్నర తర్వాత వెలిగినప్పుడో?"

"ఐదున్నరతో రాత్రి కాపలా లెక్క సరి. సాయంత్రం మీట వేస్తే ఒక రాత్రికి సరిపడా నడిచి, దీపం దానంతటదే ఆగిపోతుంది."

"అంటే ఆ రెండే. సరే, షెడ్డు చూద్దాం."

షెడ్డుకీ బాయిలర్ గదికీ మధ్య ఒక నడవ ఉంది. నేల మీద నీలిరంగు మరకలు. ఇన్‌స్పెక్టర్ వాటిని దాటుకుంటూ నడిచాడు. నర్సమ్మ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుంది. తొట్టి దగ్గర నుంచి మొదలై, చేతి ముద్రలు బారుగా వచ్చాయి. మొదట్లో ఎడం ఎడంగా ఉన్నాయి. రాను రాను దగ్గరయ్యాయి. బాయిలర్ గది గడప దగ్గరకొచ్చేసరికి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"శవం ఎక్కడ దొరికింది?"

"ఆ గడప మీదే. భయంతో పరిగెత్తి పడిపోయాడు."

"పరిగెత్తేవాడి చేతులు నేల మీద ఎందుకు పడతాయి బాబూ? పాకాడు. ఒళ్ళంతా ఉడికిపోయినవాడు ఇంత దూరం పాకి బావ దగ్గరకొచ్చాడు. పిలిచే ఉంటాడు. ఆ మోతలో, ఆ నిద్రలో ఆయనకి వినబడదు. అయినా కుర్రాడు ధైర్యంగానే ఉండి ఉంటాడు. ఎందుకో తెలుసా? ఇక నొక్కడానికి తను లేడు. కాసేపట్లో దీపం వెలుగుతుంది, ఎవరూ నొక్కరు, సైరన్ మోగుతుంది. జనం వస్తారు. ఈ గడప మీద తల పెట్టుకుని సైరన్ కోసం ఎదురుచూశాడు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ముగ్గురూ బాయిలర్ గదిలోకి తిరిగొచ్చారు. నర్సమ్మ భూతద్దం తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. "వేలిముద్రల మీద, అన్నిటికన్నా పైన, ఏముందో చూడండి."

"రెండు... గుండ్రటి గీతలు. రింగుల్లా. చిన్నవి."

"తడి మీద గట్టిగా ఆనించినట్టు లేవూ?"

"ఉన్నాయి. దేనివి?"

నర్సమ్మ గడియారం చూసుకుంది. గోడకి చేరగిలబడి, చీర కొంగుతో తీరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఏమండీ, మిమ్మల్నే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అప్పుడే ఎర్రదీపం వెలిగింది.

ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి దీపం వైపు చూశాడు. నర్సమ్మ దీపం వైపు చూడనే లేదు, ఇన్‌ఛార్జి చేతి వైపు చూసింది. ఆ చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పెన్ను బయటికొచ్చింది. తలకిందులైంది. ఒక్క అడుగు వేసి, అలవాటైన మనిషిలా, వెనక కొసని బొత్తాం మీదికి తీసుకుపోయాడు.

నర్సమ్మ ఆ మణికట్టు ఒడిసి పట్టుకుంది. రోగుల్ని మంచాలకి అదిమిపట్టి అలవాటైన చెయ్యి అది.

"అటు వైపు పోనే లేదన్నావు! ఎవరూ చెప్పకుండానే ఎలా తెలిసిందిరా ఏం చెయ్యాలో?"

"ఇది... సైరన్ మోగుతుందని... అంతే!"

"పెన్ను చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. కొస అంచు లోపల."

ఇన్‌స్పెక్టర్ పెన్ను లాక్కుని వెలుతురులో పెట్టాడు. పైపైన తుడిచేశాడు గానీ, గుండ్రటి అంచు లోపల నీలం ఎండి గట్టిపడి ఉంది. ఒక్క మరక అంటని మనిషి పెన్ను!

"చచ్చిపోయాడనుకున్నాను," అన్నాడు ఇన్‌ఛార్జి. "దీపాలు ఆరాయని చూడ్డానికి వచ్చాను. చూసేసరికి ఈ గడప మీద పడి ఉన్నాడు. సైరన్ మోగితే ఫైరు వాళ్ళు, తనిఖీ వాళ్ళు... మేస్త్రిది మూడో షిఫ్టని తెలిసిపోతుంది. నన్ను రోడ్డు మీద పడేస్తారు. బోర్డు మీద బిళ్ళ మార్చేదాకా ఆపుదామని..."

"మొదటిసారి చచ్చిపోయాడనుకున్నావు. సరే. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చావే, అప్పుడు?"

అతను తల దించుకున్నాడు.

"చెప్పు! ఆ బొత్తాం అందాలంటే గడప దాటాలి. గడప మీద మనిషి ఉన్నాడు. వాణ్ణి దాటుకుంటూ పోయావు. రెండుసార్లు. అప్పటికి వాడు బతికే ఉన్నాడా?"

"ఏదో... ఏదో అంటున్నాడు," అన్నాడు ఇన్‌ఛార్జి. "సరిగ్గా వినబడలేదు. నా ప్యాంటు అంచు పట్టుకున్నాడు. విడిపించుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ నోట బూతుమాట ఒకటి వచ్చింది. నర్సమ్మ కూడా ఏమీ అనుకోలేదు.

"ముందు ఆ బొత్తాం నొక్కండి, మోగుతుంది," అన్నాడు ఇన్‌ఛార్జి, ఇంకా దీపం వైపే చూస్తూ.

"నొక్కను. ఎవర్నీ నొక్కనివ్వను. మోగనీ!"

సైరన్ అందుకుంది.

గది గోడలు అదిరాయి. పక్క షెడ్లలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం తెలిసింది. నడవలో బూట్ల చప్పుడు, కేకలు. నర్సమ్మ ఇన్‌ఛార్జి మణికట్టు వదలకుండానే రెండో చేతి గడియారం చూస్తూ నిలబడింది. మూడు నిమిషాలు పూర్తవకుండానే ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. వాళ్ళ వెనక నీళ్ళ బకెట్లు, మందుల పెట్టె, పాతికమంది కార్మికులు.

"మూడు నిమిషాలు," అంది నర్సమ్మ ఇన్‌స్పెక్టర్‌తో. "రాసుకోండి. ఆ బిడ్డకీ బతుక్కీ మధ్య ఉన్నది అంతే."

జనాన్ని తోసుకుంటూ మేస్త్రి భార్య వచ్చింది. ఆ గోలలో గేటు వాచ్‌మన్ ఆవిడని ఆపినట్టు లేడు. జుట్టు ముడి ఊడిపోయింది, రొప్పుతోంది. "ఎవరికి? మళ్ళీ ఎవరికేమైంది?" అంటూ అందరి మొహాలూ చూసింది.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా," అంది నర్సమ్మ. ఇన్‌స్పెక్టర్ మీట కిందికి నెట్టాడు. సైరన్ మూలిగి మూలిగి ఆగింది.

ఆ ఇల్లాలు గోడకున్న దీపాన్ని చూసింది. స్ట్రెచర్ చూసింది. కాళ్ళ కింద, గడప మీద, తమ్ముడి నీలం చేతుల ముద్రలు చూసింది.

"ఇది మోగుతుందా?" అంది మెల్లగా. "మోగితే ఇంతమంది వస్తారా? మరి మా వాడికెందుకు మోగలేదండీ?"

నర్సమ్మ ఇన్‌ఛార్జిని మణికట్టు పట్టి ముందుకు లాగి, ఆవిడ ఎదురుగా నిలబెట్టింది.

"నాకు చెప్పావు కదా. ఇప్పుడు ఆవిడకి చెప్పు."